పైన్ తోపుకీ ఒక ఇన్‌టేక్ చార్ట్ రాయాలి

ఉగాది వచ్చిందంటే మా రాలీ, డర్హమ్ వైపు ఆడవాళ్ళకి రెండు పనులు. ఒకటి, వేపపువ్వు ఎవరి ఫ్రీజర్‌లో ఉందో గ్రూపులో అడగడం. రెండోది, కారు కడగడం. మార్చి ఆఖరికి పైన్ చెట్ల పుప్పొడి రాలి కార్లు, మెట్లు, పిల్లల సైకిళ్ళు అన్నీ పసుపు రాసినట్టు అయిపోతాయి. "గడపకి నువ్వు పసుపు రాయక్కర్లేదు, చెట్లే రాసేశాయి" అని మా అత్తగారు ఇక్కడికి వచ్చినప్పుడు ఒకటే నవ్వు. తుమ్ములకి అందరూ ఈ పైన్ చెట్లనే తిడతారు గానీ పాపం వాటి పుప్పొడి రేణువు పెద్దది, అంత ఇబ్బంది పెట్టదు. అదే రోజుల్లో కంటికి కనపడకుండా రాలే ఓక్ పుప్పొడే అసలు దొంగ.

ఈసారి నేను రాసేది ఆ పైన్ చెట్ల గురించే. ఎనిమిదేళ్ళ కిందట మా తొమ్మిది కుటుంబాలు కలిసి డర్హమ్‌కి ఉత్తరాన పర్సన్ కౌంటీలో 62 ఎకరాలు కొన్నాం. మనవాళ్ళ సంగతి తెలిసిందేగా, నలుగురు కలిస్తే ముందు చిట్టీ, తర్వాత ల్యాండ్. కొన్నప్పటికే దాదాపు యాభై ఎకరాల్లో లాబ్లాలీ పైన్ వేసి ఉంది. ఇప్పుడా చెట్లకి పదహారేళ్ళు. ఈ రాష్ట్రంలో 20 ఎకరాలకి తగ్గని తోపుని పద్ధతిగా ప్లాన్ రాయించి పెంచితే ఆస్తి పన్ను బాగా తగ్గుతుంది. అందుకే కొన్నాం. ప్రకృతి ప్రేమ అని ఫేస్‌బుక్‌లో ఫొటోలు పెట్టుకున్నాం గానీ, నిజం ఇదీ. మిగిలిన పదకొండు ఎకరాలు మాత్రం వాగు పక్కన ఓక్, స్వీట్‌గమ్, పాప్లర్ లాంటి ఆకురాల్చే చెట్లున్న పాత అడవి.

ఈ వేసవిలో ఒక ఏజెంటు వచ్చి జూమ్‌లో మా అందరికీ స్లైడులు చూపించాడు. పైన్ తోపుని పలచన చెయ్యకండి, ఇరవై ఏళ్ళు కొట్టకుండా ఉంచండి, కార్బన్ క్రెడిట్ల కింద ఏటా డబ్బు వస్తుంది అన్నాడు. అంతటితో ఆగలేదు. వాగు పక్కన పాత చెట్లు మెల్లగా పెరుగుతాయి కాబట్టి వాటిని కొట్టి అక్కడ కూడా పైన్ వేస్తే ఇంకా ఎక్కువ కార్బన్, ఇంకా ఎక్కువ డబ్బు అన్నాడు. మా వాగు న్యూస్ నదిలో కలిసేది కాబట్టి ఒడ్డు నుంచి 50 అడుగుల దాకా చెట్లకి నియమాలున్నాయి. ఆ గీత దాటాక కొట్టుకోవచ్చట. ఆఖరి స్లైడులో ఒక పచ్చని ఆకు, పక్కనే ఒక నీటి చుక్క బొమ్మ. "అడవి అంటే నీళ్ళే కదా, నీళ్ళకీ మంచిదే" అని ముగించాడు.

ఆకు బొమ్మ వరకు నాకు పేచీ లేదు. నీటి చుక్క దగ్గర ఆగిపోయాను.

నేను ఇరవై రెండేళ్ళుగా నర్సు పని చేస్తున్నాను. మనలో నర్సులు చాలామందే ఉన్నారు, నేను చెప్పేది వాళ్ళకి వెంటనే అందుతుంది. పేషెంటుకి ఎన్ని నీళ్ళు లోపలికి వెళ్ళాయి, ఎన్ని బయటికి వచ్చాయి అని షిఫ్టు షిఫ్టుకీ చార్ట్ రాస్తాం. కొత్తగా చేరిన పిల్లలు మూత్రం కొలిచి రాసి, లెక్క సరిపోలేదని కంగారు పడతారు. ఊపిరిలో, చెమటలో పోయింది ఎవరూ కొలవరు. అదీ పోయినట్టే లెక్క, జ్వరం ఉంటే మరీను. చెట్టుకీ ఇంతే. వాన లోపలికి వచ్చేది. వాగులోకి, భూమి లోపలికి పోయేది కనపడేది. ఆకుల నుంచి ఆవిరై పోయేది మాత్రం ఎవరి కంటికీ కనపడదు, కాబట్టి స్లైడులో కూడా కనపడలేదు.

పదో తరగతిలో పత్ర రంధ్రాలు అని చదివాం గుర్తుందా? చెట్టు గాలిలోంచి కార్బన్ డయాక్సైడ్ తీసుకోవాలంటే ఆ రంధ్రాలు తెరవాల్సిందే. తెరిస్తే లోపలి తడి బయటికి పోవాల్సిందే. వేరే తలుపు లేదు. లోపలికి వచ్చే ఒక్కో కార్బన్ డయాక్సైడ్ అణువుకి వందల నీటి అణువులు బయటికి పోతాయి. కాబట్టి "బాగా కార్బన్ పడుతుంది" అన్నారంటే, "బాగా నీళ్ళు తాగుతుంది" అని కూడా చెప్పినట్టే. పైన్ విషయంలో ఇంకొకటి ఉంది. ఓక్, పాప్లర్ చెట్లు నవంబరులో ఆకు రాల్చి మార్చి దాకా విశ్రాంతి తీసుకుంటాయి, ఆ చలికాలపు వానంతా నేలకి, వాగుకి. పైన్‌కి ఆ సెలవు లేదు. సూదాకులు ఏడాది పొడవునా ఉంటాయి. పడిన వానలో కొంత ఆ సూదుల మీదే నిలిచి, నేలని తాకకుండానే ఆరిపోతుంది.

ఇది నా వార్డు జ్ఞానం మాత్రమే అయితే రాసేదాన్ని కాదు. మా రాష్ట్రంలోనే, పడమటి కొండల్లో జార్జియా సరిహద్దు దగ్గర కొవీటా అని ఒక అటవీ పరిశోధన కేంద్రం ఉంది. 1934 నుంచీ వాళ్ళ పనే వాగులు కొలవడం. ఒక్కో లోయ చివర వాగుకి అడ్డంగా చిన్న కట్ట కట్టి, దాంట్లోంచి ఎంత నీరు పోతోందో రాత్రింబవళ్ళు రాస్తారు. అక్కడ రెండు లోయల్లో ఆకురాల్చే చెట్లు తీసేసి 1956, 1957 లలో వైట్ పైన్ వేశారు. పక్కనే ముట్టుకోకుండా వదిలేసిన లోయలతో పోల్చి చూస్తూ వచ్చారు. పదిహేనేళ్ళు గడిచేసరికి పైన్ వేసిన లోయల్లో వాగు నీరు ఏడాదికి దాదాపు 20 సెంటీమీటర్లు, అంటే అయిదో వంతు తగ్గింది. 1974 లో స్వాంక్, డగ్లస్ అనే ఇద్దరు ఈ లెక్క 'సైన్స్' పత్రికలో అచ్చు వేయించారు.

20 సెంటీమీటర్లంటే జానెడు కూడా కాదు కదా అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. రాత్రి డ్యూటీలో రెండింటికి కాస్త తీరిక దొరికితే కాగితం మీద వేశాను. ఒక ఎకరం అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు. దాని మీద 20 సెంటీమీటర్ల నీళ్ళంటే ఎనిమిది లక్షల లీటర్లు. హైదరాబాద్‌లో మనం తెప్పించుకునే 5,000 లీటర్ల ట్యాంకరు లెక్కన ఎకరానికి ఏడాదికి 160 ట్యాంకర్లు. మా పదకొండు ఎకరాలకి ఎన్నవుతాయో మీరే హెచ్చవేసుకోండి. కొవీటాలో వాన మా కంటే చాలా ఎక్కువ, అక్కడి పైన్ రకం కూడా వేరు, కాబట్టి మా దగ్గర అంత ఉండకపోవచ్చు. సగమే అనుకోండి, అయినా ఎనభై ట్యాంకర్లు.

ఇది మా కొండల గొడవే కాదు. 2005 లో రాబర్ట్ జాక్సన్ అనే శాస్త్రవేత్త (అప్పుడు మా డర్హమ్‌లోని డ్యూక్ యూనివర్సిటీలోనే ఉండేవారు), ఆయనతో ఇంకొందరు కలిసి ప్రపంచంలో తోపులు వేసిన చోట్ల వాగు లెక్కలన్నీ ఒకచోట చేర్చారు. గడ్డి భూముల్లో, పొదల నేలల్లో, పంట పొలాల్లో తోపులు వేస్తే వాగు నీరు సగటున 52 శాతం తగ్గిందని తేలింది. 13 శాతం వాగులైతే కనీసం ఒక ఏడాది పూర్తిగా ఎండిపోయాయి. డర్బన్ వైపు ఉన్న మన అక్కలకి ఇది కొత్త కాదు. దక్షిణాఫ్రికాలో 1998 నీటి చట్టం కలప తోపుల్ని వాగు నీటిని తగ్గించే పని కిందే లెక్కగట్టింది, అక్కడ తోపు వేయాలంటే నీటి లైసెన్సు కావాలి.

మా జూమ్‌లో ఒక అన్నయ్య అన్నారు: "ఇక్కడ 45 అంగుళాల వాన పడుతుందమ్మా, ఇదేమన్నా అనంతపురమా?" నిజమే, పడుతుంది. అందులో ముప్పాతిక దాకా చెట్లు, ఎండ తీసుకోగా మిగిలిందే వాగు. ఆ మిగిలిన దాంట్లోంచి కోత పడుతుందన్నమాట. 2007 ఎంతమందికి గుర్తుంది? అప్పటికి మేం ఇక్కడికి వచ్చి ఏడాది. వానలు మొహం చాటేశాయి. గడ్డికి నీళ్ళు పెట్టొద్దన్నారు, కార్లు కడగొద్దన్నారు. హాలోవీన్ నాటికి నీళ్ళ వాడకం సగానికి తగ్గించమని గవర్నరే అడిగారు. మా చిన్నది అప్పుడు మూడు నెలల పిల్ల, రోజుకి రెండుసార్లు బట్టలు ఉతకాల్సి వచ్చేది. బియ్యం కడిగిన నీళ్ళు కరివేపాకు మొక్కకి పోస్తూ, ఇంత దూరం వచ్చి కూడా అమ్మ చేసిన పనే చేస్తున్నానే అనుకున్నాను.

మా వాగు సంగతి ఇప్పుడు వినండి. పర్సన్ కౌంటీలో ఆ చుట్టుపక్కల వాగులు ఫ్లాట్ రివర్‌లో కలుస్తాయి. ఫ్లాట్ రివర్ మీద కట్టిందే లేక్ మిచీ, డర్హమ్‌కి తాగునీరు. అది దాటాక ఫాల్స్ లేక్, రాలీకి తాగునీరు. అంటే మా తొమ్మిది ఇళ్ళలో ఏడింటి కుళాయిలో ఆ వాగు చుక్క ఉంది. (మిగతా ఇద్దరూ కేరీలో ఉంటారు, వాళ్ళది జోర్డన్ లేక్. వాళ్ళే ఏజెంటుని తెచ్చింది కూడా. కోపం తెచ్చుకోకండి వదినా, సరదాకి అన్నాను.)

ఇంత రాశానని నేను పైన్‌కి శత్రువుననుకోవద్దు. లాబ్లాలీ పైన్ కార్బన్ పట్టడంలో గట్టిది, అది ఒప్పుకోవాల్సిందే. దాని మీద డ్యూక్ ఫారెస్ట్‌లో పెద్ద ప్రయోగమే జరిగింది. 1983 లో నాటిన పైన్ తోపులో 30 మీటర్ల వెడల్పు వలయాలుగా పైపులు నిలబెట్టి, 1996 నుంచి 2010 దాకా గాలిలోకి అదనంగా కార్బన్ డయాక్సైడ్ వదిలారు. రాబోయే రోజుల గాలి ఇలా ఉంటే చెట్లేం చేస్తాయో చూద్దామని. చెట్ల పెరుగుదల సుమారు పాతిక శాతం పెరిగింది. అయితే సారం లేని నేలలో ఆ లాభం నిలవలేదు. కార్బన్ ఎక్కువైతే చెట్లు రంధ్రాలు కాస్త మూసుకుని నీళ్ళు పొదుపు చేస్తాయన్న ఆశ పైన్ విషయంలో పెద్దగా తీరలేదు. బాగా లాభపడింది ఇంకొకటుంది, పాయిజన్ ఐవీ. ఆ గాలికి అది ఏపుగా పెరగడమే కాదు, ఒళ్ళు దద్దుర్లు తెప్పించే దాని రసం కూడా ఘాటెక్కిందట. మొన్న ల్యాండ్ చూడటానికి వెళ్ళి మా ఆయన చేతుల నిండా దద్దుర్లతో వచ్చారు. "ఇది కూడా కార్బన్ క్రెడిట్‌లో భాగమేనా?" అని అడిగితే మాట్లాడలేదు.

అన్ని చోట్లా పైన్ నీళ్ళు తాగడం తప్పు కూడా కాదు. సముద్రం వైపు ప్లిమత్ దగ్గర పైన్ తోపుల్లో నీళ్ళు పైపైనే ఉంటాయి, కాలువలు తవ్వి బయటికి పంపాల్సిన నేల అది. అక్కడ ఎదిగిన తోపు ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్ల పైన నీళ్ళు గాలిలోకి పంపుతుంది, దాన్నెవరూ తప్పుపట్టరు. అక్కడే ఇంకో సంగతి కూడా చూశారు. చెట్లు కొట్టిన నేల తర్వాత కొన్నేళ్ళపాటు కార్బన్ పట్టడం మాని, ఎదురు వదులుతుంది. మొద్దులు, వేర్లు, రాలిన చెత్త కుళ్ళుతూ ఉంటాయి కదా. మా వాగు పక్కన పాత చెట్లు కొట్టి పైన్ వేస్తే మొదటి కొన్నేళ్ళు జరిగేది ఇదే. ఏజెంటు స్లైడులో గీత సున్నా దగ్గర మొదలై పైకి పోతోంది. అసలు గీత సున్నాకి కింద మొదలవ్వాలి.

కొట్టిన కలప ఎక్కడికి పోతుందన్నది కూడా లెక్కలోకి రావాలి. సన్న చెట్లు గుజ్జుకి పోతాయి. మన పిల్లలకి వేసిన డైపర్లలో, మన ప్యాడ్లలో మెత్తగా దూదిలా ఉండేది చాలావరకు ఈ అమెరికా దక్షిణాది పైన్ గుజ్జే. దాంట్లో ఉన్న కార్బన్ ఎన్నాళ్ళు నిలుస్తుందో తల్లులకి నేను చెప్పాలా? కొంత గుళికలై ఓడెక్కి ఇంగ్లండ్ పోయి యార్క్‌షైర్‌లో కరెంటు కోసం పొయ్యిలో పడుతుంది. లావు దుంగ అయితే ఇంటి దూలమై యాభై, అరవై ఏళ్ళు ఉంటుంది. చెట్టు లావెక్కాలంటే చుట్టూ చోటుండాలి. ఎకరానికి అయిదారు వందలు నాటిన తోపుని పదిహేనేళ్ళ వయసులో పలచన చేసేది అందుకే. మా తోపు ఇప్పటికే ఒక ఏడాది ఆలస్యం. లోపలికి వెళ్తే పట్టపగలు చీకటి, కింద గడ్డి పరక లేదు. సందు లేకుండా బలహీనంగా పెరిగిన చెట్లంటే సదరన్ పైన్ బీటిల్ అనే పురుగుకి పండగ. అది పడిందంటే కార్బనూ పోతుంది, కలపా పోతుంది. పలచన చేస్తే కొన్నేళ్ళపాటు వాగుకి కూడా కాస్త ఎక్కువ నీరు వస్తుంది, మిగిలిన చెట్లు కొమ్మలు చాపి ఆ చోటు నింపేదాకా.

ఇదంతా ఇంత పట్టుగా ఎందుకు చెప్తున్నానో మా అన్నకి తెలుసు. ఒంగోలుకి పడమర మా ఊళ్ళో నాన్న మూడెకరాల్లో జామాయిల్ వేశాడు. నీళ్ళక్కర్లేదు, కూలీలక్కర్లేదు, నాలుగేళ్ళకో కోత, కాగితం మిల్లు లారీ పొలం దగ్గరికే వస్తుంది అన్నారు. డబ్బొచ్చింది, అబద్ధం చెప్పను. నా నర్సింగ్ ఫీజు కట్టింది ఆ డబ్బుతోనే. రెండో కోతకల్లా పక్క చేలో బాబాయి వాళ్ళ బావి వేసవిలో అడుగంటింది. జామాయిలే తాగేసిందని పిన్ని అంది. అదే రెండేళ్ళలో ఊళ్ళో అయిదు బోర్లు పడ్డాయని నాన్న అన్నాడు. ఎవరిది తప్పో తేలలేదు, ఎవరూ కొలవలేదు కాబట్టి. రెండిళ్ళ మధ్య మాటలు మాత్రం పదేళ్ళు ఆగిపోయాయి. నా పెళ్ళికి పిన్ని రాలేదు.

మా పర్సన్ కౌంటీ వాగుకి దిగువన కూడా ఒక ఇల్లుంది. ఒక పెద్దావిడ ఒక్కతే ఉంటుంది, బావి నీళ్ళే ఆధారం. మేం వెళ్ళినప్పుడల్లా గేటు దగ్గరకొచ్చి పలకరిస్తుంది, మా పిల్లలకి పీకాన్ గింజలు ఇస్తుంది. మా జూమ్‌లో ఆవిడ లేదు.

కాబట్టి ఆదివారం ఓటింగులో నా మాట ఇది. పైన్ తోపుని ఈ చలికాలమే పలచన చేద్దాం. వచ్చే డబ్బు తక్కువే అయినా తోపు నిలబడుతుంది. వాగు పక్కన పదకొండు ఎకరాల్లో ఒక్క చెట్టు కూడా కొట్టొద్దు, 50 అడుగుల గీత లోపలా వద్దు, అవతలా వద్దు. కార్బన్ కాంట్రాక్టు కావాలంటే ఆ పాత చెట్లని అలాగే ఉంచడానికి ఎవరైనా డబ్బిస్తారేమో అడుగుదాం. ఇస్తామంటే సంతకం పెట్టే మొదటిదాన్ని నేనే. ఇరవై ఏళ్ళు పలచన చెయ్యకూడదనే షరతు ఉన్న కాగితం మీద మాత్రం నేను పెట్టను. తోట నుంచి ఏమీ రాకపోతే రేపు మన పిల్లలు బిల్డరుకి అమ్మేస్తారు అనే భయం కొందరిది. నాకూ ఉంది ఆ భయం. ఇళ్ళ కాలనీ కంటే పైన్ తోపు వెయ్యి రెట్లు మేలు. దానికి మందు దూలాల కలపే.

ఇంకొకటి, ఏ నిర్ణయం తీసుకున్నా ముందు కొలవడం మొదలుపెడదాం. వాగు కల్వర్టు దగ్గర ఒక స్కేలు పాతి, వారానికొకరు వెళ్ళి లోతు చూసి రాస్తే చాలు, మా పక్కనే వాన గేజి ఇరవై డాలర్లు. పెద్దావిడ ఒప్పుకుంటే ఆవిడ బావిలో నీటి మట్టం కూడా. ఇన్‌టేక్, అవుట్‌పుట్. రాత్రి డ్యూటీ అయ్యాక మొదటి వారం నేనే వెళ్తాను.

వేరే చోట్ల మీలో ఇలా కలిసి తోపులు కొన్నవాళ్ళు చాలామంది ఉన్నారని తెలుసు, జార్జియా వైపు మరీను. మీ దగ్గరికి కూడా ఇలాంటి స్లైడులు వచ్చే ఉంటాయి. మీ తోపు కింద వాగు ఎవరి కుళాయిలోకి పోతుందో కనుక్కున్నారా? కనుక్కుంటే గ్రూపులో రాయండి.

మా తొమ్మిది ఇళ్ళవాళ్ళకి: శనివారం పొద్దున తొమ్మిదికి ల్యాండ్ దగ్గర కలుద్దాం, ఓటు వేసే ముందు ఒకసారి వాగు చూసి వేద్దాం. పులిహోర నేను తెస్తాను, పెరుగన్నం కేరీ వదిన తెస్తానంది. టిక్‌లు ఎక్కువగా ఉన్నాయి, ప్యాంటు సాక్సులోకి దోపుకుని రండి. చెప్పులతో వచ్చేవాళ్ళని కారు దిగనివ్వను.